తాత పటంలో జాజు చుక్కలు

మా నాన్న జంగయ్యతో ఫ్లెక్సీ పని పెట్టుకోవడమంత తలనొప్పి ఇంకోటి లేదు. సూర్యాపేటలో ఇరవై ఏళ్లుగా ఫ్లెక్సీలు కొడుతున్నాను, ఏ లీడరూ నన్నింత సతాయించలేదు.

"అక్షరాలు ఇంకింత పెద్దగ వెయ్యిరా ఉపేందర్! తిరుమలగిరిల బస్సు దిగంగనే కనవడాలె."

మర్నాడు తిరుమలగిరిలో తాత వర్ధంతి, ఈ ఫ్లెక్సీ అందుకే. గొర్రెలు కాసుకునే తాత రెండో ప్రపంచయుద్ధంలో సిపాయిగా ఇటలీ దాకా వెళ్లాడు. యుద్ధం అయిపోయాక వాళ్ల డివిజన్ జవాన్లకు ఒక బొమ్మల పటం ఇచ్చారట. సముద్రం ఒడ్డు నుంచి కొండల మీదికి డివిజన్ నడిచిన దారి, దారి పొడవునా కంచరగాడిదలు, కూలిన వంతెనలు, చర్చి గోపురాలు, అన్నీ రంగుల బొమ్మలే. ఆ దారి మీద తాత జాజు, అంటే ఎర్రమన్ను, తడిపి వేలితో పెట్టిన చుక్కలు పదిహేడు. వాటి గురించి కొడుక్కి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోతే ఏం, మా నాన్నే తేల్చేశాడు, చుక్కకో శత్రువని. ఆ మాట బడిలో చెప్పుకుని నేనూ మురిశాను.

ఫ్లెక్సీ మీద ఆ పటం పెట్టి, దాని కింద "పదిహేడు మంది శత్రువులను మట్టుబెట్టిన వీరుడు" అని వేశాను. స్కాన్ చేసిన పటంలో మడతలు, మరకలు శుభ్రంగా తీసేశాను కూడా.

అప్పుడే వేములపల్లి నుంచి మేనత్త ఉప్పలమ్మ దిగింది. నాన్నకు అక్క. చిన్నప్పుడు తాతతో మంద వెంట తిరిగింది ఆమే. చదువు రాదు కాబట్టి రాసింది నేనే చదివి వినిపించాను.

"ఎవడు సెప్పిండ్రా నీకు?" అని నాన్న మీద గయ్యిమంది. "జాజు వేటికి పెడ్తం?"

"గొర్లకు."

"ఏ గొర్లకు?"

మంద ఉన్న ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. వేరే మందలో కలిసినా గుర్తుపట్టాలని మన గొర్రెకే జాజు పెడతాం. పక్కవాడి గొర్రెకు పెట్టం.

"మనోల్లు బిడ్డా, గీడ ఒకడు, గీడ ఒకడు పండుకున్నరు అని నాయిన నాకు సూపెట్టేటోడు. నువ్వు గిట్ల సెప్పుకుంట తిరుగుతున్నవని నాకేమెర్క?"

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "మనోల్లు సచ్చిపోతే ఇన్నేండ్లు మీసం మెలేసిన గదనే అక్కా," అని ఏడ్చాడు. డెబ్బై మూడేళ్ల మనిషి నా షాపులో అలా ఏడుస్తుంటే మంచినీళ్ల గ్లాసు తెచ్చి చేతికిచ్చాను.

అత్త కంప్యూటర్ దగ్గరికి వంగి చూసింది. "గీ మూలకు ఇంకోటి ఉండాలె గద. బొటనేలి గుర్తు. ఏడ వోయింది?"

ఉండేది. పటం అంచున, దారికి దూరంగా, ఖాళీ జాగాలో.

"మరక అనుకొని తీసేసిన అత్తా."

"అయ్యో! అది మా నాయినరా. వాపస్ వచ్చినంక పెట్టుకున్నడు. నేను గూడ ఆ మందల గొర్రెనే, తప్పిపోయి ఇంటికొచ్చిన అనేటోడు."

నాన్న కళ్లు తుడుచుకుని లేచాడు. "రాతలన్నీ తీసెయ్ రా. వీరుడు గీరుడు ఏమొద్దు. మా నాయినను ఆడ పెట్టు."

అక్షరాలన్నీ తీసేశాను. పటాన్ని మళ్లీ స్కాన్ చేసి, ఈసారి ఏ మరకా ముట్టుకోకుండా, పద్దెనిమిది చుక్కలతో కొట్టాను.