యంత్రం ఉమ్మేసిన బిళ్ళ

అమెరికాలోని టొలీడో ఊళ్ళో వెర్నెల్ బతుకంతా స్కూలు బస్సు నడిపింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో కాలు నిలవక, పొద్దున్నే దగ్గర్లోని సూపర్ మార్కెట్‌కి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ తలుపు పక్కనే చిల్లర లెక్కపెట్టే యంత్రం ఉంది. ఇంట్లో సీసాల్లో పోగైన నాణేలన్నీ జనం తెచ్చి అందులో గుమ్మరిస్తారు. అది లెక్కగట్టి చీటీ ఇస్తుంది. తనకు నచ్చనివాటిని మాత్రం కింద చిన్న గిన్నెలోకి ఉమ్మేస్తుంది. చాలామంది ఆ గిన్నె వైపు చూడనైనా చూడరు.

వెర్నెల్ చూసేది. కెనడా పెన్నీలు, చొక్కా గుండీలు, వీడియో గేముల బిళ్ళలు దొరికేవి. ఎప్పుడైనా పాతకాలపు వెండి డైము, పది సెంట్ల నాణెం. దాని తూకం వేరు కాబట్టి యంత్రం ఒప్పుకోదు. అలాంటిది దొరికిన రోజు ఆమెకి మోకాలి నొప్పి గుర్తుండేది కాదు.

"ఏం తవ్వావే ఇవాళ?" అని అడిగేది కౌంటర్లోంచి డోనెటా.

"నీ జీతం కన్నా ఎక్కువే."

"అదేం గొప్ప? గుండీ దొరికినా నా జీతం కన్నా ఎక్కువే."

అక్టోబరులో ఒక పొద్దున గిన్నెలో వేలు పెడితే పెద్ద కంచు బిళ్ళ తగిలింది. మధ్యలో త్రికోణం, అందులో రోమన్ అంకెల్లో తొమ్మిది. వెర్నెల్ అలాగే నిలబడిపోయింది. చనిపోయిన వాళ్ళన్న జేబులో ఇలాంటిదే ఉండేది. తాగుడు మానినవాళ్ళ సంఘంలో ఏడాది గడిచినప్పుడల్లా ఒకటి ఇస్తారు, ఎన్నేళ్ళయితే ఆ అంకెతో.

"పోయిన వస్తువుల పెట్టెలో పడెయ్యనా?" అంది డోనెటా.

"ఆ పెట్టెలో పడ్డది ఎవరికైనా తిరిగి దొరికిందా?"

"నా గొడుగు దొరికింది."

"అందులో పెట్టింది కూడా నువ్వేగా."

వెర్నెల్ కాఫీ కొనుక్కుని యంత్రం ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడు ఒక పెద్దమనిషి వచ్చి గిన్నె తడిమాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి యంత్రం కిందకి చెయ్యి పోనిచ్చాడు.

"వెండి నాణేలకైతే ఆలస్యంగా వచ్చారు, అన్నీ నేనే తీసుకున్నా," అని ఆమె బిళ్ళ ఇవ్వబోయింది. "మీరు వెతికేది ఇదేనా?"

అతను లేచాడు గానీ బిళ్ళ అందుకోలేదు. పేరు ఎమెట్ అని చెప్పి ఆమె పక్కన కూర్చున్నాడు.

"చిల్లర సీసాలో పడేసింది నేనే. పోయినవారం తాగాను. దాన్ని జేబులో ఉంచుకునే మొహం లేకపోయింది. మా అమ్మాయి ఇల్లు సర్దుతూ సీసా ఇక్కడికి తెచ్చేసింది. దానికేం తెలీదు."

"కావాలని పారేసినదాని కోసం మోకాళ్ళ మీద వెతకడమెందుకు?"

"పారేసినా ఇంట్లోనే ఉందిగా అనుకున్నా. పోయిందని తెలిశాక నిద్ర పట్టలేదు."

"మా అన్న మూడుసార్లు మళ్ళీ తాగి మొదటికొచ్చాడు," అంది వెర్నెల్. "నాలుగోసారి నిలబడ్డాడు, పోయేదాకా. మీరు మీటింగులకి ఎక్కడికి వెళ్ళేవారు?"

"చర్చి కింద గదికి. ఈ మధ్యాహ్నం కూడా అందరూ కలుస్తారు. తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తున్నా."

"పదండి, మా ఇల్లు దగ్గరే, కారు తీసి నేను దింపుతా. బడికి పోనని ఏడ్చేవాళ్ళని ఎంతమందిని దింపానో."

మధ్యాహ్నం చర్చి ముందు అతను చాలాసేపు కారులోనే కూర్చున్నాడు. ఆమె తొందరపెట్టలేదు. చివరికి తలుపు తీసుకుని దిగాడు. వెర్నెల్ రేడియో వింటూ డోనట్ తింది. అతను ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చి తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ చూపించాడు. మానిన మొదటి రోజుకి ఇచ్చేది.

"ఆ కంచుది మీ దగ్గరే ఉంచండి," అన్నాడు. "మళ్ళీ తొమ్మిదేళ్ళు నిండి నాకు చెల్లేటప్పుడు అడుగుతా."

"అప్పటికి నేను ముసలిదాన్నైపోతా."

"నేనూ అంతే."

ఆ చలికాలం వారం వారం అతన్ని దింపింది. డిసెంబరులో ఒకరోజు అతని కూతురు కూడా కారు వెనక సీట్లో ఎక్కింది. తాగిన సంగతి ఆమెకి తనే చెప్పేశాడట. దారంతా ఆ అమ్మాయి కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంది. చర్చి దగ్గర తండ్రి దిగుతుంటే, "నేనూ లోపలికి రావచ్చా నాన్నా?" అని అడిగింది.