కీర్తిశేషుల కుళాయి

కఫ్ర్ షమ్లాలో దాహంతో చచ్చినవాడు లేడు. చచ్చినవాళ్ళ పేరుమీదే అక్కడ దాహం తీరుతుంది. రైలుస్టేషన్ నుంచి పెద్ద మసీదు దాకా ఏడు చల్లనీళ్ళ యంత్రాలు. ప్రతి యంత్రం నుదుట ఒక పాలరాయి, ప్రతి పాలరాతి మీద ఒక పేరు. బతికుండగా తండ్రి చేతికి గ్లాసెడు నీళ్ళు అందించారో లేదో దేవుడికెరుక, పోయాక మాత్రం కొడుకులు ఊరంతటికీ అందిస్తారు. ఆ నీరు పారినంతకాలం పోయినవారికి పుణ్యం చేరుతూనే ఉంటుందని నమ్మకం. నమ్మకం మంచిదే. గొట్టాలకు కావలసింది మాత్రం నమ్మకం కాదు, శుభ్రం.

ఆ శుభ్రం చూసే ఉద్యోగం బుసైనాది. ఊరి ఆరోగ్య కార్యాలయంలో నీళ్ళూ మురుగూ బేకరీలూ కసాయి కొట్లూ అన్నీ ఆమె ఒక్కతే తనిఖీ చెయ్యాలి. మంగళవారం మంగళవారం మంచుపెట్టె భుజాన వేసుకుని బయలుదేరుతుంది. స్పిరిట్ దూది వెలిగించి కుళాయి మూతిని కాలుస్తుంది, కాసేపు నీటిని వదిలేస్తుంది, సీసా నింపి మూత బిగిస్తుంది, పదింటి బస్సుకు జిల్లా ప్రయోగశాలకు పంపుతుంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. మాట్లాడవలసినదంతా సీసాయే మాట్లాడుతుందని ఆమె ధీమా.

ఫలితాలు ఎక్కించే రిజిస్టరుకు ఒక చరిత్ర ఉంది. ఏనాడో ఒక గుమాస్తా దానికి గీతలు గీస్తూ కుళాయి సంఖ్య రాసే గడి మరచిపోయాడు. 'నీటివనరు పేరు' అన్న గడి ఒక్కటే మిగిలింది. తప్పు దిద్దాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు అడగాలంటే తప్పు ఒప్పుకోవాలి. తప్పు ఒప్పుకునే వంశం కాదు ఆ కార్యాలయానిది. కనుక పాలరాతి మీది పేర్లే రిజిస్టరులోకి నడిచివచ్చాయి. పొద్దున్నే టీ కాచి తెచ్చే గాబిర్ బాబాయ్ ఆ పుట తెరిచి వార్తాపత్రిక చదివినట్టు చదివేవాడు.

"కీర్తిశేషురాలు హాజ్జా నఈమా, పరిశుభ్రం. ఆమె బతికున్నప్పుడూ అంతే తల్లీ, గడప కడగందే గుమ్మం దాటేది కాదు. కీర్తిశేషులు ఇంజనీరు రుష్దీ, క్లోరిన్ తక్కువ. కీర్తిశేషులు షేక్ అతియ్యా, కొంచెం మడ్డిగా ఉన్నారు."

"బాబాయ్, పోయినవాళ్ళు."

"పోయినవాళ్ళే కదమ్మా, ఉన్నవాళ్ళ గురించి ఇలా రాస్తే ఊరుకుంటారా?"

ఏడింటిలోకీ ఘనమైనది బాలికల బడి గేటు పక్కన ఉంది. నాలుగు కుళాయిలు, ఇటలీ పాలరాయి, బంగారు అక్షరాలు: కీర్తిశేషులు హాజీ బదవీ అబుల్ ఫుతూహ్. కట్టించినవాడు ఆయన కుమారుడు, బియ్యం మిల్లు యజమాని హాజీ వగీహ్. బడిలో మోటారు కాలిపోయి రెండేళ్ళు. కొత్తదానికోసం పెట్టిన అర్జీ ఏ బల్లమీదో హాయిగా నిద్రపోతోంది. కాబట్టి నాలుగు వందలమంది ఆడపిల్లలకు గంట కొడితే హాజీ బదవీయే దిక్కు.

ఆ వసంతంలో పదకొండుమంది పిల్లలకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు నిమ్మతొక్కల్లా పసుపెక్కాయి. బుసైనా నీళ్ళు పట్టి పంపింది. శనివారం ఫలితం వచ్చింది. నియమం ప్రకారం ప్రయోగశాలవారు నీటివనరు పేరు ముందు రాసి, కింద తీర్పు రాశారు.

'కీర్తిశేషులు హాజీ బదవీ అబుల్ ఫుతూహ్: మలసంబంధ కాలుష్యం కలదు. మానవ వినియోగానికి పనికిరారు.'

ఆ కాగితం పట్టుకుని ఆమె అధికారి గదిలోకి వెళ్ళింది. డాక్టరు రఫ్అత్ సన్నని మనిషి, సన్నని మీసం, అంతకన్నా సన్నని వెన్నెముక. కుళాయికి వేసే లక్కముద్ర ఆయన సొరుగులోనే ఉంటుంది. ఆయన సంతకం లేనిదే అది బయటికి రాదు.

"ఇది ఎవరైనా చూశారా?"

"మీరే మొదటివారు, డాక్టరు గారూ. ఇవాళే ముద్ర వెయ్యాలి. పిల్లలు ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నారు."

ఆయన కాగితాన్ని బోర్లించి పెట్టాడు. బోర్లిస్తే సూక్ష్మజీవులు చస్తాయన్నట్టు. "వేద్దాం, వెయ్యకుండా ఎక్కడికి పోతాం. కానీ ఈ భాష చూశావా? పెద్దమనిషి, హజ్ చేసి వచ్చినవాడు. ఆయన పేరు పక్కన ఈ మాట ఉండవచ్చా?"

"మాట మనది కాదు, ప్రయోగశాలది."

"అదే, అదే. భాష కాస్త మార్చి రాయమని అడుగుదాం. మార్చి పంపగానే సంతకం."

అలా నీళ్ళు నమలడంలో ఆయనకు సాటి లేరు. తాగడానికి మాత్రం ఇంటినుంచి సీసా తెచ్చుకుంటాడు. బుసైనా బడికి పోయి కుళాయిల మూతులకు గుడ్డలు కట్టింది. మధ్యాహ్నానికి ఎవరో విప్పేశారు. ప్రధానోపాధ్యాయిని పెదవి విరిచింది. "పుణ్యం కోసం పెట్టిన నీళ్ళు వద్దంటే పెట్టినవాళ్ళు నొచ్చుకోరా, బుసైనా గారూ? పైగా పిల్లలకు దాహం." ఇంటినుంచి తెచ్చుకోమని బుసైనాయే పిల్లలకు చెప్పించింది. సగంమంది తెచ్చుకున్నారు. మిగతా సగానికి హాజీ బదవీయే చల్లగా ఉన్నాడు.

బుధవారానికి పద్నాలుగుమంది అయ్యారు. డాక్టరు రఫ్అత్ నాలుగో ముసాయిదా దగ్గర ఉన్నాడు. 'కీర్తిశేషులవారి యందు సూక్ష్మజీవుల సాన్నిధ్యం గమనార్హం' అన్న వాక్యం ఆయనకు బాగా నచ్చింది. 'సాన్నిధ్యం' అనాలా 'ఉనికి' అనాలా అన్నదొక్కటే తేలలేదు.

గురువారం హాజీ వగీహ్ స్వయంగా వచ్చాడు. గదిలో అత్తరు వాసన ముందు కూర్చుంది, ఆయన తరవాత కూర్చున్నాడు. గాబిర్ టీ పెట్టి గోడ పక్కన నిలబడ్డాడు.

"మా నాన్న పనికిరాడా?" అన్నాడు వగీహ్. "ఈ ఊళ్ళో మొదటి మిల్లు పెట్టినవాడు, డాక్టర్. ముప్పై కొంపల్లో పొయ్యి వెలిగించినవాడు. పనికిరాడని రాయిస్తావా?"

"అయ్యో, నేనా? అది పద్ధతి, హాజీ గారూ, రిజిస్టరు పద్ధతి."

"పద్నాలుగుమంది పిల్లలు మంచాన ఉన్నారు," అంది బుసైనా.

వగీహ్ ఆమెవైపు తిరగనైనా లేదు. "పిల్లలన్నాక జబ్బులు రావా? రోడ్డుమీద అడ్డమైనవీ తింటారు. మరో సీసా పట్టించు, డాక్టర్. మా ఇంటినుంచి మంచి నీళ్ళు పంపిస్తాను."

బుసైనా ఆయన ముఖంలో ఒకటి చూసింది. పిల్లల మాటకు చెక్కుచెదరని ఆ ముఖం కాగితం మీది పేరు దగ్గర మాత్రం నలుగుతోంది. పుండు ఎక్కడుందో తెలిసింది.

"హాజీ గారూ, ఒక నియమం ఉంది," అంది మెల్లగా. "ఫలితం వచ్చిన వారంలోపు దాన్ని నీటివనరు దగ్గర అంటించాలి. రేపు శుక్రవారం, సెలవు. ఎల్లుండి పొద్దున బడి గంటకు ముందే నేను అంటించాలి. పాలరాతికి సరిగ్గా కింద."

వగీహ్ ఆ కాగితాన్ని మనసులో ఆ గోడకు అంటించి చూసుకున్నాడు. పైన బంగారు అక్షరాల్లో తండ్రి. కింద నల్ల అక్షరాల్లో తండ్రిని గురించి ప్రభుత్వం అభిప్రాయం.

"మార్గం లేదా?"

"పేరు మేము పాలరాతిని చూసే రాస్తాం. పాలరాయి లేకపోతే మాకు పేరు తెలియదు. 'బడి గేటు దగ్గరి కుళాయి' అని మార్చి రాస్తాం. ప్రయోగశాలవాళ్ళూ ఒప్పుకుంటారు."

డాక్టరు రఫ్అత్ ముఖం వెలిగింది. నాలుగు ముసాయిదాల్లో దొరకని మాట ఈ పిల్లకు ఎలా దొరికిందా అని చూశాడు.

"రాయి తీస్తే మా నాన్న పేరు ఎక్కడా ఉండదు కదా?"

"ఎక్కడా ఉండదు."

"ఇవాళ సాయంత్రం అసర్ నమాజుకి తీయిస్తాను," అని లేచాడు. కుళాయి కట్టెయ్యాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. నీళ్ళు ఏమైనా కానీ, నాన్న బయటపడితే చాలు.

సాయంత్రం ఇద్దరు మేస్త్రీలు ఉలులతో వచ్చారు. నమాజు ముగించుకుని వస్తున్న జనం ఆగారు. రాయిని జాగ్రత్తగా, పెళ్ళికూతుర్ని దించినట్టు దించి వాహనంలో పడుకోబెట్టారు. రాయి వెనక గోడ బోలుగా ఉంది. అందులోంచి ఒక తుప్పుగొట్టం కిందికి దిగి, బడి మరుగుదొడ్ల మురుగుకాలువలో మునిగి, అవతల తేలింది. యంత్రం మోటారు పీల్చినప్పుడల్లా అతుకు దగ్గర బుడగలు లోపలికి పోతున్నాయి. జనం ముక్కులు మూసుకున్నారు. అప్పటిదాకా అదే నీటితో ముఖాలు కడుక్కున్నవాళ్ళు.

"ఇది ఎవరిది?" అన్నాడు ఒక ముసలాయన, తెలిసీ.

"ఎవరిదీ కాదు," అన్నాడు వగీహ్, కారు తలుపు వేసుకుంటూ.

ఆ మాట కోసమే బుసైనా కాచుకుని ఉంది. వెంట తెచ్చుకున్న గాబిర్‌ను వెంటనే ఆఫీసుకు పంపింది. డాక్టరు రఫ్అత్ పావుగంటలో లక్కముద్రతో సహా వచ్చాడు. ఎవరిదీ కాని కుళాయి ఎంత ప్రమాదకరమో ఆయనకు హఠాత్తుగా బోధపడింది. "ప్రజారోగ్యం విషయంలో మా కార్యాలయం ఎవరినీ ఉపేక్షించదు," అని జనంతో అని, వీపు వంచిన గాబిర్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. అయిదు రోజులుగా రాని సంతకం ఒక్క ఊపులో వచ్చింది. నాలుగు కుళాయిలకూ బుసైనా తన చేతులతో ఎర్రలక్క అద్దింది. ఎవరో తీసిన ఫొటోలో ఆమె చేతులు పడ్డాయి, డాక్టరు ముఖం పడింది.

అంతకుముందే తాగినవాళ్ళు ఉన్నారు గనుక నెలరోజుల్లో మరో ఆరుగురు పచ్చబడ్డారు. ఆ తరవాత ఎవరూ పడలేదు. అందరూ లేచి బడికి వచ్చారు. జిల్లానుంచి డాక్టరుకు అభినందనపత్రం వచ్చింది. వెనువెంటనే, ఆయన జీవితంలో మొదటిసారి స్వయంగా అడిగి తెప్పించుకున్న ఉత్తర్వూ వచ్చింది. కొత్త రిజిస్టరు. అందులో పేర్ల గడి లేదు, సంఖ్యలే. ఇకమీదట ఏ కీర్తిశేషులకూ అవమానం జరగదు. 'మూడో నంబరు పనికిరాదు' అంటే మూడుకు సిగ్గేమిటి?

కొత్త రిజిస్టరు వచ్చిన వారం మంగళవారమే స్టేషన్ దగ్గర కొత్త యంత్రం వెలిసింది. అంచు కొంచెం విరిగిన పాత పాలరాయి, బంగారు అక్షరాలు కొత్తగా పూసినవి. బుసైనా ముందు వెనక్కి వెళ్ళి గొట్టం ఎటు పోతోందో చూసింది. తరవాత దూది వెలిగించింది.

ఆఫీసులో గాబిర్ కొత్త పుట తెరిచాడు. "ఎనిమిది అని రాయమంటావా తల్లీ?"

"రాయండి బాబాయ్."

అతను రాసి పుస్తకం మూయబోతే ఆమె చెయ్యి అడ్డుపెట్టి, కలం అందుకుంది. పుట చివర, ఏ ఉత్తర్వుకూ గుర్తురాని ఒక వెడల్పాటి గడి ఉంది: 'ఇతర విషయములు'. అందులో గుండ్రటి అక్షరాల్లో, తొందర లేకుండా, ఆ పాలరాతి మీది పేరంతా రాసింది.