కుమిత్సతో మాట్లాడని వారం

ఈస్టర్ మర్నాడు ఉదయం బాతులను ఏట్లోకి వదలడానికి వెళ్ళిన నాకు, పిండిమర దగ్గర వంపులో విల్లో చెట్టు వేరుకు చిక్కుకున్న ఒక ఆడపిల్ల జడ కనిపించింది.

మెడ దగ్గర కత్తెరతో కోసిన జడ. మూరెడు పొడవు, గోధుమరంగు, చివర ఎర్ర రిబ్బను. దాని పక్కనే కొమ్మలతో అల్లిన పూలకిరీటం నీళ్ళలో ఊగుతోంది. ఆ రిబ్బను నేను కొన్నదే. ఈస్టర్‌కు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం కోసం ఆరుగురు అమ్మాయిలకు ఆరు రంగులు కొన్నాను. ఎరుపు బిలియానాది.

మోకాళ్ళ లోతుకు దిగాను. కొండ మీది మంచు కరిగి వస్తున్న నీళ్ళు, కాళ్ళు కొయ్యబారిపోయాయి. వేళ్ళ కిందా రాళ్ళ సందుల్లోనూ చేతులు పెట్టి వెతికాను. ఇంకేమీ తగల్లేదు. జడనూ కిరీటాన్నీ ఒడిలో వేసుకుని పరుగెత్తాను.

బిలియానా వాళ్ళ అవ్వ త్సోనా ఇల్లు ఏటిగట్టు మీదే. తలుపు తీసే ఉంది. ముందు గదిలో బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. ఐదు పళ్ళేలు, ఒక్కో పళ్ళెంలో ఒక ఎర్ర గుడ్డు, మధ్యలో ఇంకా కొయ్యని ఈస్టర్ తీపి రొట్టె. ఐదు కుర్చీల్లో రెండు పక్కింటి నుంచి తెచ్చినవి.

"అవ్వా, పిల్లేదీ?"

"పడుకుంది కేరా. నిన్నంతా కిటికీ దగ్గరే కూర్చుంది. లేపకు, అలిసిపోయింది."

"అమ్మాయిలు రాలేదా?"

"ఎవరూ రాలా. మూడింటికి చారు వేడిచేశా. ఐదింటికి మళ్ళీ చేశా. 'సిగ్గుపడి ఆలస్యం చేస్తున్నారు అవ్వా, వస్తార్లే' అంది. ఏడింటికి కుర్చీలు ఇచ్చేసి వస్తానంటే వద్దంది." అప్పుడు చూసింది అవ్వ, నీళ్ళు కారుతున్న నా బట్టలను. "ఏట్లో పడ్డావా ఏంటే?"

నేను లోపలి గది తలుపు తోశాను. పక్క సర్ది ఉంది. కిటికీ గట్టు మీద కత్తెర. కత్తెర మొనకు రెండు గోధుమరంగు వెంట్రుకలు.

ఈ పాత ఆచారాన్ని మా ఊరికి తిరిగి తెచ్చింది నేనే. ఊరి పఠనమందిరంలో ఆడపిల్లలకు పాటలూ ఆటలూ నేర్పే ఉద్యోగం నాది. మూడేళ్ళ క్రితం ముసలమ్మల దగ్గర కూర్చుని అంతా రాసుకున్నాను. మట్టల ఆదివారం నాడు అమ్మాయిలు తమ కిరీటాలను ఏట్లో వదులుతారు. ఎవరిది ముందు సాగితే ఆమె కుమిత్స, ఆ సంవత్సరానికి వాళ్ళ పెద్ద; ఆ కిరీటాన్ని ఏట్లోంచి తీసి ఆమెకే ఇస్తారు. ఆ క్షణం నుంచి ఈస్టర్ దాకా మిగతావాళ్ళు ఆమెతో ఒక్క మాట మాట్లాడకూడదు. అది శిక్ష కాదు, గౌరవం. ఈస్టర్ నాడు అందరూ గుడ్లు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళి, చెయ్యి ముద్దుపెట్టుకుని, క్షమించమని అడుగుతారు. ఆమె క్షమించాను అంటుంది. అప్పుడు అందరూ కలిసి తింటారు, మాటలు మొదలవుతాయి.

మొదటి రెండేళ్ళూ ఏ పిల్లా రెండు రోజులకు మించి ఆగలేకపోయింది. సైగలు, చీటీలు, చివరికి ఎవరో ఒకరు ఫక్కున నవ్వి మాట్లాడేయడం. ఈసారి బిలియానా కుమిత్స అయింది. మా ఊరికి ఆ పిల్ల నిరుడు శరదృతువులో ప్లోవ్‌దివ్ నగరం నుంచి వచ్చింది. తల్లి ఇటలీలో ఎవరో ముసలావిడకు సేవ చేస్తోంది. ఈసారి ఐదుగురూ ఆచారాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. బడిలో, బస్సులో, దుకాణంలో, ఒక్క మాట లేదు. బిలియానా వస్తే పక్కకు తప్పుకునేవారు. "ఎంత క్రమశిక్షణ!" అని బుధవారం నాడు వాళ్ళను మెచ్చుకున్నాను కూడా.

గురువారం దుకాణంలో బిలియానా నా పక్కన నిలబడింది. చేతిలో గుడ్లకు వేసే ఎర్ర రంగు పొట్లం ఉంది.

"పిన్నీ, ఈస్టర్ రోజు వాళ్ళు తప్పకుండా వస్తారు కదా?"

"రాకుండా ఎలా ఉంటారే? ఆచారం అది."

"ఒక్కోసారి రాకపోవడం కూడా ఉంటుందా?"

"పిచ్చిదానా, కుమిత్సవి నువ్వు. రొట్టె పెద్దది చేయించు" అని నవ్వి, నా చిల్లర తీసుకుని వచ్చేశాను. ఈస్టర్‌కు పట్నంలో కూతురింటికి వెళ్ళి, ఆదివారం ఆఖరి బస్సుకు తిరిగొచ్చాను. ఎవరినీ ఏమీ అడగలేదు.

నేను కబురు చెప్పగానే మేయర్ స్తోయ్కో ఆరుగురు మగవాళ్ళను పోగుచేసి పొడుగాటి కర్రలతో ఏటి వెంట పంపాడు. వాళ్ళు కర్రలు నీళ్ళలో గుచ్చుతుంటే చూడలేక, ఒడిలోని బిలియానా కిరీటం వైపు చూశాను. తడిసి ముద్దయినా పైకే తేలిందేమిటని అప్పుడు అనుమానం వచ్చింది. తిప్పి చూశాను. కొమ్మల అడుగున రెండు బిరడాలు, చేపల గాలపు దారంతో బిగించి కట్టి ఉన్నాయి. పసుపు రంగు వేసిన బిరడాలు.

మా ఊళ్ళో వైన్ సీసాల బిరడాలకు పసుపు రంగు వేసి గాలాలకు కట్టేది ఒక్కరే. మా బావ. మా అక్క కూతురు సియానా ఈ ఆరుగురిలో ఒకతె.

అంటే ఈ బిరడాల వల్లే ఆ కిరీటం ముందు సాగింది, ఏరు ఎన్నుకోలేదు. ఎవరో బిలియానాను ఎన్నుకున్నారు.

"ఏం దొరికింది కేరా?" అన్నాడు మేయర్.

"ఏం లేదు" అన్నాను. బిరడాలు తెంపి నా ఏప్రాన్ జేబులో వేసుకున్నాను.

పఠనమందిరానికి ఐదుగురినీ పిలిపించాను. నలుగురు బెంచీ మీద కూర్చున్నారు. సియానా మాత్రం కిటికీ గట్టెక్కి గోళ్ళ రంగు గీక్కుంటోంది.

"బిలియానా ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?"

"మాకెలా తెలుస్తుంది పిన్నీ? మేం దాంతో మాట్లాడం కదా" అంది కాలినా. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

జడ తీసి బల్ల మీద పెట్టాను. నవ్వు ఆగిపోయింది. అందరిలోకీ చిన్నది జోర్నిత్సా ఏడుపు అందుకుంది.

"నిన్న ఎందుకు వెళ్ళలేదు?"

"మేం గుడ్లు కూడా రంగేశాం" అంది జోర్నిత్సా వెక్కుతూ. "సియానానే చెప్పింది..."

"నేనేం చెప్పాను? విన్నది చెప్పాను" అంది సియానా.

"ఏం విన్నావు?"

"ఫోన్లో వాళ్ళమ్మతో అందట. 'ఈ మేకల కంపు పిల్లలను ఇంట్లోకి రానివ్వాలా' అని. ప్లోవ్‌దివ్ మహారాణి కదా."

"విన్నావా, అందటా?"

సియానా మళ్ళీ గోరు గీక్కోవడంలో పడింది.

కాలినా లేచి నిలబడింది. "మా మీద అరుస్తావేంటి పిన్నీ? మేమేమైనా కొట్టామా? తిట్టామా? మాట్లాడలేదు, అంతేగా. నువ్వు చెప్పిందే చేశాం. మొన్న మెచ్చుకున్నావు కూడా!"

బల్ల మీది జడను మళ్ళీ ఒడిలోకి తీసుకున్నాను.

తలుపు తోసుకుని మేయర్ వచ్చాడు. "దొరికింది! బతికే ఉంది!"

"ఎక్కడ?" అంటూ ఎదురెళ్ళాను.

"పొద్దున ఆరింటి బస్సెక్కిందట. తలంతా గజిబిజిగా కత్తిరించి ఉంటే డ్రైవర్ అబ్బాయనుకున్నాడు. నోరు విప్పలేదట. ప్లోవ్‌దివ్ అని చీటీ మీద రాసి చూపించింది. మూగపిల్లాడని జాలిపడి టికెట్ డబ్బులు కూడా తీసుకోలేదు. బస్టాండులో దిగాక, వెళ్ళడానికి తనవాళ్ళెవరూ లేక అక్కడే కూర్చుంటే అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశాడు. పన్నెండింటి బస్సులో తీసుకొస్తున్నాడు."

బస్సు దిగిన బిలియానా ఎవరి వైపూ చూడలేదు. ఇంటికి వచ్చి, అదే బల్ల దగ్గర కూర్చుంది. పళ్ళేలు అవ్వ ఇంకా తియ్యలేదు.

"ఒక్క మాట అను తల్లీ" అని అవ్వ బతిమాలింది. "నన్ను తిట్టు పోనీ."

బిలియానా చీటీ వెనక పెన్సిల్‌తో రాసి అవ్వ ముందుకు జరిపింది. అవ్వకు కళ్ళద్దాలు లేకపోతే నేను చదివాను. *అమ్మకు ఫోన్ చెయ్యి. నేనిక్కడ ఉండను.*

అవ్వ కుర్చీ వీపు పట్టుకుంది. కూతురు ఊరు విడిచి వెళ్ళాక ఆ ఇంట్లో మళ్ళీ మనిషి గొంతు వినిపించింది ఈ ఆరు నెలలే.

"ఒక్క గంట ఆగు" అన్నాను బిలియానాతో.

ఐదుగురినీ తీసుకొచ్చాను. గుడ్లు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. కాలినా ముందు వచ్చింది. పొద్దున్నుంచి ఉన్న పొగరంతా గడప దగ్గరే వదిలేసినట్టుంది. బల్ల మీద ఉన్న బిలియానా చెయ్యి ముద్దుపెట్టుకుంది. "క్షమించు" అంది. ఆ చెయ్యి కదల్లేదు. తనది కానట్టు అక్కడే ఉంది. తరవాత జోర్నిత్సా. తరవాత మిగతా ఇద్దరు. నాలుగు గుడ్లు బల్ల మీద చేరాయి. బిలియానా ఒక్క మాట అనలేదు. వాళ్ళు ఎనిమిది రోజులు మోసిన నిశ్శబ్దాన్ని ఇప్పుడు తను మోస్తోంది.

సియానా గుమ్మం దాటలేదు. దాని చేతిలో గుడ్డు లేదు.

నేను జేబులో చెయ్యి పెట్టాను. అక్క మొహం, బావ మొహం గుర్తొచ్చాయి. పసుపు బిరడాలు రెండూ తీసి తెల్ల గుడ్డ మీద పెట్టాను.

"ఇవి నీ కిరీటం కింద కట్టి ఉన్నాయి బిలియానా" అన్నాను. "పొద్దున మేయర్ అడిగితే ఏమీ దొరకలేదని చెప్పాను. అక్క కూతురని దాచాను. నన్ను కూడా ఆ వరసలోనే నిలబెట్టుకో."

కాలినా బిరడాలను చూసింది. తరవాత మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. అందరూ తిరిగారు.

సియానా పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. లోపలికి వచ్చి, ఐదో కుర్చీ వెనక నిలబడి, బిరడాల కేసే చూస్తూ మొదలుపెట్టింది.

"నాన్న డబ్బాలోంచి తీశాను. ఆ రోజు పొద్దున నీకు జడ వేస్తూ, నీ కిరీటం నా ఒళ్ళో పెట్టుకున్నాను చూడు, అప్పుడే కట్టాను. నువ్వు వెనక్కి తిరక్కుండా జోకులు చెప్పి నవ్వించాను. నువ్వు నాకేం చేశావని? ఏం చెయ్యలేదు. కాలినా బస్సులో నా పక్కన కాకుండా నీ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది, అంతే. ఊరికే నీతో మాటలు మానేస్తే ఎందుకని పిన్ని అడిగేది. ఇలాగైతే ఎవరూ అడగరు. అందరూ చప్పట్లు కొట్టారు. మేకల కంపు అని నువ్వు అనలేదు. అది నేను పుట్టించిందే. ముందు రెండ్రోజులు ఏడిపిద్దామనుకున్నా. బుధవారం బడిలో నువ్వు నా కేసి చూసి నవ్వావు, ఇద్దరం ఒకే ఆటలో ఉన్నట్టు. అప్పుడైనా ఆపొచ్చు. నాకు ఇంకా మండింది. నిన్న నేను వచ్చాను. నిజంగా వచ్చాను, కంచె దాకా. జేబులో గుడ్డుంది. కిటికీలోంచి నువ్వు కనిపించావు. పళ్ళేల్లో గుడ్లు తిప్పి తిప్పి పెడుతున్నావు, రంగు సరిగ్గా అంటని వైపు కిందికి పోయేలా. నీ జడ అలాగే ఉంది. వారమైనా విప్పలేదు నువ్వు, నేను వేసింది. నేను లోపలికి వస్తే మిగతావాళ్ళూ వచ్చేవాళ్ళు. నాకు తెలుసు. మర వెనక్కి వెళ్ళి ఆ గుడ్డు ఒలుచుకుని తినేశాను. ఆకలి కూడా లేదు. తొక్కలు ఏట్లో పారేసి, చేతులు కడుక్కుని ఇంటికి పోయాను. అమ్మ అడిగింది, వెళ్ళొచ్చావా అని. వెళ్ళొచ్చానన్నాను. చెయ్యి కూడా ముద్దుపెట్టుకున్నానన్నాను."