ముసుగు వెనక కన్ను

వానాకాలం వచ్చిందంటే మోతీలాల్‌కు ఒళ్లు మంట. అతనిది చర్ల దగ్గరి సర్కారు దవాఖానాలో కళ్లు పరీక్షించే ఉద్యోగం. కానీ ఆ అడవిలో వానలు పడితే తలనొప్పి, వాంతులు అన్నవాళ్లందరికీ మలేరియానే. కళ్ల మనిషైనా, కాన్పుల మనిషైనా రక్తపు స్లైడ్లు తీయాల్సిందే.

తమ్ముడి భార్య సోమ్లికి తల పగిలిపోతోందని, వాంతులవుతున్నాయని కబురొస్తే అలాగే తండాకు వెళ్లాడు. ఆమె ముసుగు గడ్డం దాకా లాక్కుని వేలు మాత్రం చాపింది. భర్త అన్నకు ముఖం చూపించడం తండాలో లేదు. అతనూ వేలు పొడిచి, మలేరియా గోలీలిచ్చి వచ్చేశాడు.

మూడో రోజు భార్య గోరి కస్సుమంది. "ఏం గోలీలిచ్చినవయ్యా? సోమ్లి ఎడమ కన్ను నిప్పు లెక్క ఎర్రగైంది. దీపం చుట్టూ రంగులు కనవడ్తున్నయంట."

మోతీలాల్ టార్చి అందుకున్నాడు. గోరిని వెంటబెట్టుకుని పరుగున పోయాడు. ముసుగు మళ్లీ దిగింది. పళ్లు నూరుకుంటూ గోడవైపు తిరిగి, టార్చి గోరి చేతికిచ్చాడు.

"కంట్ల వెలుగు కొట్టు. నల్లగుడ్డు నడుమ చుక్క చిన్నగైతుందా?"

"అయితలే. పెద్దగనే ఉంది. పైన పొగ పట్టినట్టుంది."

"రెప్ప మూయించి రెండు కండ్లూ మెల్లగ ఒత్తి చూడు."

"అమ్మో! కుడిది మెత్తగుంది. ఇది పచ్చి జామకాయ లెక్క గట్టిగుంది."

ఇక అనుమానం లేదు. కంట్లో నీరు బయటికి పోయే దారి ఒక్కసారిగా మూసుకుపోయింది. ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని నలిపేస్తోంది. గంటల్లో అందాల్సిన వైద్యానికి మూడు రోజులు! ఒత్తిడి తగ్గించే మాత్రలు మింగించాడు, చుక్కలు గోరితో వేయించాడు, జీపు కిరాయికి మాట్లాడి ఖమ్మం బయల్దేరదీశాడు. దారంతా గుంతలు. ఒక్కో గుంతకు ఒక్కొక్కరిని తిట్టాడు: తమ్ముణ్ణి, తండాను, మలేరియా డ్యూటీ వేసిన ఆఫీసరును, అన్నిటికంటే ఎక్కువగా ఆ ముసుగును.

ఖమ్మంలో చేతి నరానికి మందు ఎక్కించి ఒత్తిడి దించారు. తర్వాత లేజర్‌తో రెండు కళ్లలోనూ సూదిమొనంత దారి చేశారు. చేయకపోతే కుడి కంటికీ ఏదో రోజు ఇదే గతి పట్టేదన్నాడు డాక్టరు. ఎడమ కంటికి ఎంత చూపు మిగిలిందో తెల్లారి మోతీలాల్‌నే చూడమన్నాడు.

"ముసుగు తియ్యి సోమ్లీ" అన్నాడతను.

ఆమె వెంటనే తీసేసింది. ఆమె కోడలై వచ్చిన పాతికేళ్లలో ఆ ముఖం చూడడం అదే మొదలు. కుడి కన్ను మూయించి చెయ్యి చాపాడు. "వేళ్లు ఎన్ని?"

"కనవడ్తలేవు బావా. జర వెలుతురే."

మోతీలాల్ ఉక్రోషం ఆపుకోలేకపోయాడు. "గింత తేలిగ్గ తీసేదానివి, ఆనాడే ఎందుకు తియ్యకపోతివి?"

"మీరు అడగలే గద బావా. ఒక్క మాట అంటే తీసేదాన్ని."

ఇక తిట్టడానికి అతనికి ఎవరూ మిగల్లేదు.