ముద్ర పడని టేకుచెట్లు

నేను ఒక ముద్ర సుత్తిని. అడవిశాఖలో నన్ను హ్యామర్ అంటారు. నాకు ఒకవైపు చిన్న గొడ్డలి పదును, రెండోవైపు ఉబ్బెత్తు అక్షరాలు. పదునుతో కాస్త బెరడు చెక్కి, ఆ తెల్లటి చోట అక్షరాలు దిగేలా కొడితే, ఆ చెట్టును ఇక నరకవచ్చని అర్థం. నన్ను వరంగల్‌లో ఒక కమ్మరి చేశాడు. ఆయన ఎప్పుడైనా అడవి చూశాడో లేదో నాకు తెలీదు.

మొదట నన్ను పట్టింది ఆదిలాబాద్ అడవిలో గార్డు ఇస్మాయిల్. ఇరవై ఆరేళ్లవాడు, పనిమంతుడు. ఆ ఏడే పైనుంచి ఉత్తర్వు వచ్చింది: వాగు పక్కనున్న అడవి కొట్టేసి అంతా టేకు నాటాలని. మద్ది, ఏగిస, ఇప్ప, తునికి, అన్నీ ఆ కాగితంలో పనికిరాని చెట్లే. అన్నాళ్లుగా అక్కడ బతుకుతున్న వాటికి ఆ సంగతి తెలీదు పాపం. ఇస్మాయిల్ ముద్రలు వేసి వేసి సాయంత్రానికి భుజం పట్టుకుని కూర్చునేవాడు. తర్వాత టేకు మొక్కలు బారులు తీరి లేస్తుంటే మురిసిపోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ మురిశాను.

ఆయన రిటైరయ్యాక చేతులు మారి మారి బీట్ ఆఫీసర్ సిడాం యశోద దగ్గరికి చేరాను. ఆమె ఆ వాగు ఒడ్డు గోండుగూడెంలోనే పుట్టింది. అప్పటికి టేకుకు నలభై ఏళ్లు. రెండేళ్లుగా కొనల నుంచి కిందికి ఎండుతూ వస్తోంది.

"ఆరొందల చెట్లూ పోయినట్టే యశోదా. వారంలో అన్నిటికీ ముద్రెయ్యి. ఉంచితే పురుగు మిగతా అడవికి పాకుతుంది" అన్నాడు రేంజర్.

ఆయన భయం అబద్ధం కాదు. యశోద మొదటి చెట్టు బెరడు గీకింది. లోపల పచ్చగా, తడిగా ఉంది. రెండోదీ అంతే. మూడోది గోధుమరంగులో పొడిగా రాలింది. ఆమె పని ఆపేసి, చిన్నప్పటి నుంచి ఎరిగిన ఇస్మాయిల్‌కు ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున ఆయన చేతికర్రతో బస్సు దిగాడు.

"చాచా, ముందు ఇక్కడేముండె?"

"అన్ని ఉండె బిడ్డా. ఒక జాతికి రోగమొస్తే ఇంకోటి నిలబడేది. ఇప్పుడంత ఒకటే జాతి." నన్ను చేతిలోకి తీసుకుని పిడి తడిమాడు. "గీ సుత్తితోనే నేనే ముద్రలేసిన. నౌకరి అనుకున్న, గంతే." నన్ను ఆమెకు తిరిగిచ్చి చుట్టూ చూశాడు. తర్వాత అడిగాడు, "వాగేది?"

ఇద్దరూ ఎగువకు నడిచారు. మూడేళ్ల కిందట వేసిన రోడ్డుకట్ట వాగుకు అడ్డంగా ఉంది. కింద తూము లేదు. కట్టకు ఎగువన మోకాలి లోతు నీళ్లు నిలిచి టేకు వేళ్లు కుళ్లుతున్నాయి. దిగువన వట్టి ఇసుక. పైగా ఏటా ఎండాకాలం చుట్టుపక్కల బీడీ ఆకు కొత్తగా చిగురించాలని పెట్టే మంట, ఎండిన ఆకుల మీదుగా మొదళ్లను కాలుస్తూ పోతోంది.

యశోద ఆరొందల చెట్లూ ఒక్కొక్కటే గీకి చూసింది. నూట పన్నెండింటికే ముద్ర వేసింది.

"మిగతావి బతికే ఉన్నయి సార్. రోడ్డు కింద తూములు వెయ్యాలె."

"అవీ చస్తే ఎవరిది బాధ్యత?"

"నాదే అని రాసుకోండి సార్."

ఆయన రాసుకున్నాడు. ఆమెకు మెమో ఇచ్చాడు. అయితే తూముల కోసం ఆమె రాసిన అర్జీని కూడా అదే కవరులో పెట్టి పైకి పంపాడు. మనుషులు ఇలాంటివి ఎందుకు చేస్తారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. యశోద ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, తొలకరికి వారం ముందు తూములు పడ్డాయి. గూడెం ఆడవాళ్లు ఆమెతో కలిసి ఆకులు ఊడ్చి మంటకు అడ్డుగా బాటలు తీశారు.

వానలకు మూడొందల పైచిలుకు చెట్లు మోళ్ల నుంచే చిగురించాయి. మిగతావి చిగురించలేదు. ఆమె మాట పూర్తిగా నిలవలేదు. మెమో ఆమె ఫైల్లో అలాగే ఉండిపోయింది.

ఆ చచ్చిన చెట్లకు ముద్ర వేయడానికి వేరెవరినీ పంపలేదు యశోద. తానే వచ్చింది. అన్నేళ్లు ఎంతోమంది చేతుల్లో నేను చెట్ల మొదళ్లే చూశాను. ముద్ర వేసేవాడు వంగుతాడు, వేస్తాడు, పోతాడు. ఆమె మాత్రం ప్రతి చెట్టు కింద ఆగి, తలెత్తి, కొమ్మ కొమ్మా వెతికేది. ఎక్కడా ఆకు లేదని తేలాకే నన్ను ఎత్తేది. ఒక చెట్టు దగ్గర చాలాసేపు అలా చూసి, నన్ను నడుముకు దోపుకుని ముందుకు సాగింది.