ఒక్క నల్ల గోలీ

నేను ఒక టేకు పెట్టెను. పక్కన చెయ్యి దూరేంత కన్నం, కింద సొరుగు. ఈ రేవు పట్నంలో ఓడల కంపెనీ దొరలు మేసన్ల లాడ్జి, అంటే ఒకరినొకరు సోదరులని పిలుచుకునే రహస్య సంఘం, పెట్టుకున్నప్పుడు నన్ను చేయించారు. నడుముకి ఏప్రాన్లు కట్టుకుని, గుమ్మంలో కత్తి పట్టిన కాపలావాణ్ణి నిలబెట్టి, తలుపులు బిడాయించుకునేవారు. లోపల ఏం చేస్తారో తెలియక ఊరు మా భవనానికి దెయ్యాల బంగళా అని పేరు పెట్టింది.

కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే నేనే గతి. ఒక్కొక్కరూ పళ్లెంలోంచి ఒక గోలీ తీసి, నా కన్నంలో చెయ్యి పెట్టి వదలాలి. తెల్లదైతే సమ్మతం. నల్లది ఒక్కటి పడిందా, ఆ మనిషి గుమ్మం అవతలే. ఎవరు వేశారని అడక్కూడదు. పిరికితనానికి ఇంత మర్యాదైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు. దొరలు పోయి మనవాళ్లు వచ్చారు. ఏప్రాన్లూ మారలేదు, బుద్ధులూ మారలేదు.

ఏటా లాడ్జి పేరున ఉచిత కంటి శిబిరం. బ్యానరు మీద పెద్దల పేర్లు, శుక్లాలు తీసేది మాత్రం డాక్టర్ దైవసహాయం. పైసా పుచ్చుకోడు. ఊరి చివరి వాడలో పుట్టినవాడు గనక, భోజనాల వేళకి ఆయనకేదో అర్జంటు పని ఉందని వీళ్లే చెప్పేవారు. ఆ బల్ల దగ్గర అందరితో పాటు తనకీ ఒక కుర్చీ ఉండాలని ఆయన కోరిక.

చివరికి లాడ్జి పెద్ద, రిటైర్డ్ జడ్జి సర్వారాయుడు గారే ఆయన పేరు ప్రతిపాదించాడు. మనమంతా సోదరులం అంటూ ఉపన్యాసం దంచి, నా పక్కన నిలబడి సెక్రటరీ చెవి కొరికాడు.

"కంగారు పడకండి. పేరు చెప్పింది నేనే కదా, నన్నెవడు అనుమానిస్తాడండీ? ఒక్క నల్లది చాలు."

మిగతావాళ్లేమో, నల్లది ఎవరో ఒకరు వేస్తారులే, ఆ పాపం మనకెందుకని తెల్లవే వేశారు. జడ్జి గారి కళ్లకి ముదిరిన శుక్లాలు. మసక దీపాల వెలుగులో తడిమి తడిమి, నల్లదనుకుని తెల్లది వేశాడు! సొరుగు లాగితే అన్నీ తెల్లవే. అబ్బబ్బ, ఆ మొహాలు చూడాలి మీరు!

డాక్టరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, పిచ్చి మారాజు. ఆ నెలలోనే జడ్జి గారి రెండు కళ్లకీ తనే ఆపరేషన్ చేశాడు.

మరుసటి ఏడు డాక్టరు తమ్ముడు, ప్లీడరు సత్యానందం పేరు వచ్చింది. పక్కవాడి చేతివంక చూడకూడదన్నది లాడ్జి ఆచారం. కానీ డాక్టరు బుద్ధి ఊరుకుంటుందా? తన రోగికి చూపు ఎలా ఆనుతోందోనని వంగి చూశాడు. జడ్జి గారు తడుముకోలేదు. తెల్లవాటిని వేలితో పక్కకి నెట్టి, నల్లది చటుక్కున ఏరుకుని నాలో పడేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సొరుగు తెరిచారు. "ఎవడండీ ఆ ద్రోహి?" అని అందరికంటే ముందు గర్జించింది జడ్జి గారే.

డాక్టరు లేచి ఏప్రాన్ విప్పి నా మీద పెట్టాడు.

"ఆపరేషన్ బాగా కుదిరిందండీ జడ్జి గారూ. ఇప్పుడు మీకు నలుపూ తెలుపూ చక్కగా తెలుస్తున్నాయి."

ఆయన మళ్లీ రాలేదు. శిబిరం తన వాడలోనే పెట్టుకున్నాడు. లాడ్జికి బ్యానరు మిగిలింది. నన్ను అద్దాల బీరువాలో పెట్టి, ఏడాదికోసారి తుడుస్తున్నారు. ఈ బంగళా ముందుకి రాగానే జనం ఇప్పటికీ అడుగులు గబగబా వేస్తారు. ఇన్నేళ్లు లోపలున్నదాన్ని, నా మాట నమ్మండి. ఇక్కడ దెయ్యాలు లేవు. ఉన్నదంతా సోదరులే.