మెట్లు మిగిలిన ఇల్లు

నేను ఒక తాపీని. సిమెంటు మాలు ఎత్తి గోడకు కొట్టేదీ, కొట్టినదాన్ని నున్నగా సాపు చేసేదీ నేనే. గద్వాల దగ్గర ఒక కమ్మరి పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. తుమ్మకర్రతో పిడి వేశాడు. లారీ కింద ఉన్నన్నాళ్ళూ ఊళ్ళు తిరిగాను, ఇకనైనా ఒకచోట కుదురుగా ఉంటాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నన్ను మొదట కొన్నది ఒక ముసలి మేస్త్రీ. చూపు మందగించాక ఆయన నన్ను శిష్యుడు కుర్మయ్య చేతిలో పెట్టాడు. అతనితో హైదరాబాదు శివారుకు వచ్చి పడ్డాను. మనుషుల పద్ధతి నాకు మొదట్లో వింతగా ఉండేది. గోడలు లేస్తున్నంత కాలం కుర్మయ్య, భార్య మణెమ్మ, కూతురు జోగులాంబ ఆ ఇంట్లోనే ఉంటారు. కిటికీలకు సిమెంటు సంచులు కట్టుకుని, మూడిటుకల పొయ్యి మీద వండుకు తింటారు. ఇల్లు పూర్తవగానే మూటాముల్లె సర్దుకుంటారు. తర్వాత ఒక ఆవు వస్తుంది, దాని వెనకాల ఇంటివాళ్ళు వస్తారు. పాలు పొంగించి, ఇంతవరకూ ఎవరూ కాపురం చేయని ఇల్లని మురిసిపోతారు.

జోగులాంబకు ఆరేళ్ళు. ఈసారిది రెండంతస్తుల ఇల్లు, ఏడాది దాటింది. అన్నాళ్ళు ఒకేచోట ఉండడం ఆ పిల్లకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేరింది. స్నేహితులు కూడా దొరికారు.

ఒక అమావాస్య నాడు నేనూ బడికి వెళ్ళాను. అమావాస్యకు మేస్త్రీలు పని ముట్టరు, బడికి మాత్రం సెలవు లేదు. 'మన ఇల్లు' పాఠం చెబుతున్న సబిత టీచర్, ఇల్లు కట్టడానికి పనికొచ్చే వస్తువు తలా ఒకటి తెమ్మందట. కుర్మయ్యే నన్ను కడిగి, తుడిచి కూతురి చేతికిచ్చాడు.

"పదిలం బిడ్డా, రేపు పొద్దుగాల్నే పనుంది. ఇంక మెట్లే మిగిలినయి. అవి అయితే మన పని అయిపాయె," అన్నాడు.

మిగతా పిల్లలు ఇటుక ముక్కలు, గుప్పెడు ఇసుక తెచ్చారు. టీచర్ నన్ను పైకెత్తి చూపగానే తరగతంతా చప్పట్లు కొట్టింది. నిజం చెప్పొద్దూ, ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

"ఇల్లు పూర్తయినాక ఏం చేస్తరు?" అని అడిగింది టీచర్.

"పాలు పొంగిస్తరు!"

"తర్వాత?"

"ఎల్లిపోతం టీచర్," అంది జోగులాంబ, అందరికంటే ముందు.

పిల్లలు గొల్లుమన్నారు. టీచరూ నవ్వింది. చెడ్డ మనిషి కాదు, తొందర మనిషి. "అట్ల కాదమ్మా. ఇల్లు పూర్తయితే అందుల ఉంటం. ఏదీ, అను," అని మూడుసార్లు అనిపించింది.

బడి వదిలే వేళకు ఎవరి వస్తువులు వాళ్ళకు ఇచ్చేసింది. అందరూ బయటికి పోయాక జోగులాంబ వెనక్కి వచ్చి, నన్ను బీరువా వెనక సందులోకి తోసింది. "ఈడనే ఉండు. నువ్వు లేకుంటే మెట్లు గావు," అంది. తాపీ లేకపోతే మేస్త్రీ పని పోతుంది గానీ ఇల్లు ఆగదని అంత చిన్నపిల్లకు ఎవరు చెబుతారు?

మర్నాడు పొద్దున్నే కుర్మయ్య బడికి వచ్చాడు.

"టీచరమ్మా, మా తాపీ ఈడున్నదా? తొవ్వల పడిపోయిందంటున్నది బిడ్డ."

"నా చేత్తోనే ఇచ్చిన కదన్నా. సంచిల పెట్టుకుంది, చూసిన."

కుర్మయ్య కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నిజం చెప్పు బిడ్డా, నిన్నేం కొట్ట. పని చేయించే ఆ సూపర్‌వైజర్ సంగతి నీకు తెల్వది."

"పడిపోయింది నాయినా," అంది జోగులాంబ నేల చూస్తూ.

నేను వాళ్ళకు రెండు గజాల దూరంలో ఉన్నాను. నోరు లేని నా పుట్టుకను ఆ రోజు తిట్టుకున్నట్టు ఎన్నడూ తిట్టుకోలేదు. అతను దారంతా వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం, బడిలో అన్నం వండే రాములమ్మ కబురు మోసుకొచ్చింది. "నాలుగొద్దులల్ల గృహప్రవేశమంట టీచర్. పది దాకా మేస్త్రీ పనిలకు రాకపాయె. తాపీ అమ్ముకొని తాగినవని సూపర్‌వైజర్ అన్నడంట. ఆ మాట పడలేక ఈయన వాని అంగి పట్టిండు. వేరే మేస్త్రీని దింపిన్రు. వీళ్ళ సామాన్లు బజార్ల ఏసిన్రు."

టీచర్ చెప్పులు వేసుకుని ఆ ఇంటివైపు పరుగెత్తింది. ఆమె అటు వెళ్ళగానే మణెమ్మ మరో దారిన వచ్చింది, నెత్తిన మూటతో. "దా బిడ్డా, పోదాం."

జోగులాంబ అన్నం పళ్ళెం వదిలేసి బీరువా దగ్గరికి ఉరికింది. సందులోకి చెయ్యి దూర్చింది. "తాపీ ఉన్నదమ్మా! ఈడనే ఉన్నది! నాయినకిస్త!" ఆ వేళ్ళు నాకు జానెడు దూరంలో ఆడాయి. నిన్న నన్ను మరీ లోపలికి తోసేసింది మరి.

"తొవ్వల పడ్డది బీరువా ఎనక యాడుంటదే? ఆటో ఆగి ఉన్నది," అంటూ మణెమ్మ రెక్క పట్టి లాగింది. పిల్ల ఏడుపు గేటు దాకా వినిపించింది, తర్వాత ఆటో చప్పుడు.

రెండు వారాల తర్వాత గోడకు సున్నం వేయడానికి బీరువా జరిపితే నేను దొరికాను. ఆ సాయంత్రమే సబిత టీచర్ నన్ను సంచిలో వేసుకుని ఆ ఇంటికి వెళ్ళింది. గుమ్మానికి మామిడాకులు ఎండిపోయి ఉన్నాయి. మెట్లు పూర్తయ్యాయి, ఎవరి చేతి పనో గానీ బాగానే ఉంది.

"ఇక్కడ ఎవరైనా ఉండేవాళ్ళా? మేం వచ్చేసరికి ఖాళీగానే ఉందండీ," అంది ఇంటావిడ. కుర్మయ్య ఎటు పోయాడో ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నేను బడిలో, పిల్లలు మట్టితో చేసిన ఇళ్ళ పక్కన, తుప్పు పడుతూ కూర్చున్నాను. నెలాఖరున టీచర్ హాజరు పుస్తకం తెరిచింది. జోగులాంబ పేరు కొట్టేయాలి, ఎదురుగా కారణం రాయాలి. కలం పట్టుకుని నావైపు చూసింది. ఆ గడిలో వేలెడు చోటే ఉంది. 'ఇల్లు మారారు' అని రాసింది.